మా నాయన చుక్కవేసిన నీళ్లు

ఊళ్లో కొత్తగా కట్టిన శుద్ధనీటి ఘటకానికి, అంటే నీళ్లు శుద్ధిచేసే ప్లాంటుకి, మా నాయన పేరు పెడుతున్నారన్న మాట ఫోనులో విన్నప్పుడు నేను హిందూపురంలో మా వంటింట్లో కందిబేళ్లు కడుగుతున్నాను. ఫోను చేసింది రామాంజి. ఇప్పుడు పంచాయితీ సభ్యుడు, ఒకప్పుడు మా నాయన దగ్గర సైన్సు చదివినవాడు. "సోలారు కంపెనోళ్లు కట్టిచ్చి ఇచ్చినారక్కా. పేరు మాత్రం మన మేష్ట్రుది పెట్టాలని ఊరంతా అనుకున్న్యాము. నువ్వొచ్చి బటను ఒత్తాల. నీళ్ల గురించి ఈ ఊరికి మొదట చెప్పింది మేష్ట్రే గదా" అన్నాడు. వస్తానన్నాను. ఫోను పెట్టేశాక బేళ్లు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. రోత పుట్టింది. నాయన పోయి ఏడాది దాటింది. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు, అది నాకు చేతకాదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మా అమ్మ అనేది. పడితే పడనీ అని బయలుదేరాను.

మాది పావగడ తాలూకాలో, మంగళవాడ దగ్గర, వేరుశనగ మీద బతికే మెట్ట ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. హైస్కూల్లో సైన్సు చెప్పే మా నాయనని ఊరంతా కన్నడంలో పిలిచినట్టే మేష్ట్రు అనేది. మా అమ్మ కూడా నలుగురిలో అట్లాగే అనేది. సాయంత్రం సైకిలు గోడకానించి, కాళ్లు కడుక్కుని, సంగటి తినే ముందు ఆయన ఒక పని చేసేవాడు. ట్రంకుపెట్టె తెరిచి, పంచెల మడతల మధ్య నల్ల కాగితం చుట్టి దాచిన సీసా ఉందా లేదా అని చూసుకునేవాడు. అది సిల్వర్ నైట్రేట్ సీసా. బడిలో పెడితే పిల్లలు ఒలకబోస్తారని, వెలుతురు తగిలితే పాడవుతుందని ఇంటికి తెచ్చుకున్నాడు. పెట్టె తెరిస్తే నాఫ్తలీను వాసన, దాని వెనకే పక్కనున్న అమ్మోనియా సీసా ఘాటు వచ్చేవి. ఆ వాసన ఇప్పటికీ నాకు నాయన వాసనే. ఆయన కుడిచేతి వేళ్ల కొసలు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఆ మందు చర్మానికి తగిలితే ఎండకు నల్లబడుతుంది, సబ్బుకు పోదు. పంచెల మీద కూడా ఆ మచ్చలే. అమ్మ బండకేసి బాది బాది విసుక్కునేది. నాయన మాత్రం ఆ వేళ్లను అందరికీ కనిపించేలా పెట్టుకుని కూర్చునేవాడు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికైనా అంత టెక్కు ఉండదు.

పరీక్షలు దగ్గరికొస్తే మా అరుగు మీద ట్యూషను. పక్కింటి గంగి, నేను, ఇంకా నలుగురైదుగురు. గంగిది నా వయసే. వాళ్ల అమ్మ రామక్క కూలికి పోయేది, అందుకని గంగి సగం మా ఇంట్లోనే పెరిగింది. నాయన పరీక్షనాళికలు వరసగా నిలబెట్టి, ముందు నైట్రిక్ ఆమ్లం వేసేవాడు. "ఇది వెయ్యకుంటే కార్బొనేటు వచ్చి మోసం చేస్తాది. మోసపోవద్దండి" అని ప్రతిసారీ హెచ్చరించేవాడు. తర్వాత సిల్వర్ నైట్రేట్ చుక్క. క్లోరైడు ఉంటే తెల్లగా, పాలు విరిగినట్టు తునకలు తునకలుగా అవక్షేపం దిగేది. బ్రోమైడుకి మీగడ రంగు. అయోడైడుకి పసుపు. అమ్మోనియా పోస్తే తెలుపు కరిగిపోతుంది, మీగడ రంగు కొంచెం కరుగుతుంది, పసుపు అస్సలు కరగదు. ఇదంతా మేము పాటలాగా అప్పజెప్పాలి. ఆఖరి పాదం కూడా ఆయన వదలనిచ్చేవాడు కాదు: ఫ్లోరైడుకి అవక్షేపం రాదు. రాదంటే లేదని కాదు, సిల్వర్ ఫ్లోరైడు నీళ్లలో కరిగిపోతుంది, అందుకని కనిపించదు. గంగి ఆ పాదం దగ్గర ఎప్పుడూ తడబడేది, ఆయన నెత్తిన మొట్టేవాడు. నా గొంతు మీద కత్తి పెట్టి అడిగినా నేను చెప్పగలిగింది ఇదొక్కటే: మా నాయనకి ఆ సంగతి తెలుసు. తెలిసే మాకు నేర్పాడు.

నాకు ఐదారేళ్లు వచ్చేదాకా ఊరంతా తాగింది పాత బావి నీళ్లు. ఉప్పగా ఉండేవి. సబ్బు నురగ రాదు, బేళ్లు ఉడకవు, సంగటికి కూడా అదొక రుచి తగిలేది. ఒక కరువు ఏడాది పంచాయితీవాళ్లు బడి పక్కన బోరు వేసి చేతిపంపు పెట్టారు. బోరుబండితో వచ్చిన మనిషి మీద నమ్మకం లేక, ఈ నీళ్లు మంచివో కాదో మేష్ట్రే చెప్పాలని పెద్దలు ఇంటికొచ్చారు. నాయన తెల్ల చొక్కా వేసుకుని, ట్రంకులోంచి సీసా తీసుకుని నడిచాడు. ఊరు ఊరంతా వెనక. పంపు కాడ బండ మీద రెండు నాళికలు పెట్టాడు. ఒకదానిలో పాత బావి నీళ్లు, ఒకదానిలో బోరు నీళ్లు. చుక్క పడగానే పాత బావిది చిక్కగా విరిగింది. బోరుది కొంచెం మసక కమ్మి ఊరుకుంది. జనం ఓయని అరిచారు. నాయన రెండోదాన్ని ఎండకెత్తి పట్టి, "ఇవి స్వచ్ఛమైన నీళ్లు. కండ్లు మూసుకోని తాగండి" అన్నాడు. ఆ చుక్క చెప్పేది ఉప్పు ఉందా లేదా అన్నదొక్కటే. మంచీ చెడ్డా చెప్పదు. కానీ మా ఊళ్లో ఆ రోజు నుంచి నీళ్ల మంచితనమంటే నాళికలో తెల్లగా విరక్కపోవడమే.

ఆ తర్వాత అదొక ఆచారమైపోయింది. ఎవరి చేన్లో బోరు వేసినా పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, మేష్ట్రుతో చుక్క వేయించేవాళ్లు. చుక్క వేయనిదే ఇంట్లో ఆడవాళ్లు ఆ నీళ్లు ముట్టేవాళ్లు కాదు. అరసికెరె దిక్కు నుంచి కూడా బండి కట్టుకుని వచ్చి పిలుచుకుపోయేవాళ్లు. నీళ్లు తేటగా ఉంటే మొదటి లోటా ఆయనకే. తాగి, మీసాలు తుడుచుకుని, తాంబూలం తీసుకుని వచ్చేవాడు. ఆ తేట నీళ్లు నిజంగానే తీపి నీళ్లు. బేళ్లు చిటికెలో ఉడికేవి, సబ్బు చేతికి తగలగానే నురగ. మా అవ్వయితే పంపుకి రోజూ దండం పెట్టేది. పాత బావిలో సున్నం ఎక్కువనీ, ఆ సున్నమే ఫ్లోరైడుని పట్టుకుని లోపల రాళ్లలోనే అవక్షేపంగా కూర్చోబెట్టిందనీ, తీపి నీళ్లలో సున్నం లేదు కాబట్టే ఫ్లోరైడు అడ్డూ ఆపూ లేకుండా పైకొచ్చిందనీ నేను చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. పాత బావి చుట్టూ జాలి చెట్లు, అవే ముళ్లతుమ్మలు, మొలిచాయి, ఊరు అందులో చెత్త వేసింది.

నాలుగైదేళ్లకు పిల్లల పళ్ల మీద గోధుమరంగు గీతలు వచ్చాయి. వక్కలు నమిలి వచ్చాయన్నారు. నా పళ్ల మీదా ఉన్నాయి, ఇప్పటికీ నవ్వితే కనిపిస్తాయి. గంగికి పళ్లతో ఆగలేదు. పెద్దమనిషి అయ్యేనాటికి మోకాళ్లు రెండూ ఒకదానికొకటి రాసుకోవడం మొదలైంది. పరిగెత్తబోతే కింద పడేది. రామక్క దిష్టి తీసింది, పామిడి దాకా పోయి నాటుమందు కట్టించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే నాయన ఏదో ట్రైనింగని తుమకూరు పోయి వచ్చాడు. వచ్చినప్పటి నుంచీ కడుపులో మంటన్నాడు. తీపి నీళ్లు పడటం లేదు, పాత బావి నీళ్లే పడతాయన్నాడు. తనకొక్కడికి వేరే కుండ ఎందుకని, ఇంటందరికీ అవే కావాలన్నాడు. అమ్మ పాపం ఆ జాలి చెట్లలోకి ఒక్కతే పోయి, చెత్త పక్కకు నెట్టి, నీళ్లు చేది, గుడ్డతో వడగట్టి, కాచి పోసేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని పంపు కాడ ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు.

రామక్క మాత్రం నవ్వలేదు. అమ్మ అవస్థ చూడలేక ఒకరోజు పొద్దున్నే కూలికి పోయేముందు తీపి నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని మా ఇంటికొచ్చింది. "మేష్ట్రుకి పడకుంటే మానె. పిల్లలేం పాపం చేసినారు, ఆ ఉప్పు నీళ్లు తాపేకి? ఈ బిందె మీకే, దినామూ నేనే తెచ్చిపోస్తా" అంది. వెనకాలే గంగి, మోకాళ్లు రాసుకుంటూ, చిన్న చెంబుతో. అరుగు మీద నాయన ఉన్నాడు. గంగి కాళ్ల వైపు చూశాడు. చూడలేదనడానికి లేదు, నేను ఆయన ముఖమే చూస్తున్నాను. "ఎంత మంచిదానివి రామక్కా" అన్నాడు. ఆమె సందు మలుపు తిరగగానే లేచి ఆ బిందె ఎత్తి బర్రె తొట్టిలో కుమ్మరించాడు. గంగి తెచ్చిన చెంబు కూడా. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. నాకప్పుడు అర్థం కాలేదు. కూలికి పోయే మనిషి మోసుకొచ్చిన నీళ్లు అట్లా పారబోస్తాడేమిటని మాత్రం అనుకున్నాను. మా బర్రె తాగకూడదనైనా ఆయనకు తోచలేదు.

బియస్సీకి అనంతపురం పోయాను. ప్రయోగశాలలో ఒక మధ్యాహ్నం లవణం పరీక్ష చేస్తుంటే మా లెక్చరరు పక్కన నిలబడి, ఫ్లోరైడుకి సిల్వర్ నైట్రేట్ పనికిరాదు, దానికి వేరే రంగు పరీక్ష ఉంది, మీ దిక్కు బోర్లలో అదే ఎక్కువ, కాళ్లు వంకర పోయేది దానివల్లే అని మామూలుగా చెప్పి అవతలి బల్లకు పోయింది. నేను నాళిక బల్ల మీద పెట్టేశాను. చిన్నప్పుడు వందసార్లు అప్పజెప్పిన పాదమే అది. పంపు కాడి బండ, ఎండకెత్తి పట్టిన నాళిక, గంగి మోకాళ్లు, బర్రె తొట్టి, అన్నీ ఒక్కసారే కళ్లముందుకొచ్చాయి. ఆ శనివారమే బస్సెక్కాను.

నాయన అరుగు మీదే ఉన్నాడు. అడిగాను. బుకాయిస్తాడనుకున్నాను, బుకాయించలేదు. అదే ఇంకా అసహ్యం.

"తుమకూరు ట్రైనింగులోనే చెప్పినారు పాపా" అన్నాడు, గొంతు తగ్గించి.

"మరి ఊర్లో యాల చెప్పలేదు నాయనా?"

"ఏమని చెప్పేది? నేను మంచివన్న నీళ్లు చెడ్డవని మళ్లా నేనే చెప్పేదా? రేపట్నుంచి నా మాట ఎవురింటారు? మన ఇంట్లో మానిపిచ్చినా గదా. నువ్వు బాగుండావు గదా."

ఇక ఆయనతో మాటలు అనవసరమని పక్కింటికి పోయాను. రామక్క పొయ్యి కాడ ఉంది, గంగి గోడకానుకుని చెనక్కాయలు వొలుస్తోంది. చెప్పాను, తెలిసినంతా చెప్పాను. రామక్క నమ్మనూ లేదు, నమ్మకుండానూ పోలేదు. నా చెయ్యి పట్టుకుని మా అరుగు దగ్గరికి లాక్కొచ్చింది. "మేష్ట్రూ, పాప ఏందో చెప్తాండాది. నా బిడ్డ కాళ్లు ఈ నీళ్లకే పోయినాయంట. నిజమేనా సామీ?" అని అడిగింది. ఒక్క 'ఊ' అంటే చాలు. గంగికి అప్పటికింకా ఎముకలు ముదరలేదు. ఆ రోజు నుంచి మానేసి ఉంటే ఎంతోకొంత దక్కేది. నాయన నా వైపు చూడకుండా నవ్వాడు. "కాలేజీకి పోయినాది గదా రామక్కా, ఏందో ఇని వచ్చింటాది. చిన్నపిల్ల. నీళ్లకేం కాలేదు, నేను చూసిన నీళ్లే గదా. తాగు" అన్నాడు. రామక్క నా తల నిమిరి వెళ్లిపోయింది. ఛీ అనిపించింది. మనిషి మీద, ఆ నల్లటి వేళ్ల మీద, నా నోటితో నేను అప్పజెప్పిన ఆ పాఠం మీద. తర్వాత నేనూ కెమిస్ట్రీ లెక్చరరునే అయ్యాను, జీవితమంతా ఆ చుక్కలే వేశాను. ఆయన మా ఇంటికొస్తే అన్నం పెట్టాను, మందులు కొనిచ్చాను. కానీ నలుగురిలో ఆయన్ని మా నాయన అని చెప్పుకోవాల్సి వస్తే నాలుక మొద్దుబారేది.

మధ్యలో తాలూకా ఆఫీసువాళ్లు వచ్చి ఆ పంపుకి ఎర్ర రంగు పూసి, తాగవద్దని చెప్పి పోయారు. మేష్ట్రు చూసిన నీళ్లకు వీళ్లెవరు వంక పెట్టేదని జనం తాగుతూనే ఉన్నారు. నాయన ఆ పంపు మీదుగానే రోజూ సైకిలు తొక్కుకుంటూ పోయేవాడు. ఎండకు ఆ రంగు వెలిసిపోయింది. తర్వాత అదే బోరుని ఇంకా లోతు చేసి, మోటారు బిగించి, సిమెంటు ట్యాంకు కట్టారు.

మొన్న పావగడలో దిగి ఆటోలో పోతుంటే తిరుమణి దిక్కుగా ఆకాశం కింద నేలంతా సోలారు గాజు పలకలే. మా చిన్నప్పుడు చెనక్కాయ పెరికిన చేన్లన్నీ ఇప్పుడు కౌలుకు పోయాయి. ఒకచోట ట్యాంకరు ఆపి పైపుతో పలకలు కడుగుతున్నారు. ఆటో అతన్ని అడిగితే, వాటికి ఉప్పు నీళ్లు పనికిరావమ్మా, మరకలు పడతాయి, మంచి నీళ్లే కావాలన్నాడు. గాజుకి ఏ నీళ్లు పడతాయో ఇంత శ్రద్ధగా కనుక్కున్నారు. ఎముకకు ఏవి పడతాయో మా ఊరు నమ్మేలా చెప్పేవాడే లేకపోయాడు. నేను బటను ఒత్తడానికి పోవడం లేదు. మైకు చేతికిస్తే ఆ పేరు తీసేయండని చెప్పడానికి పోతున్నాను. ఆ రోజు రామక్క ముందు నన్ను చిన్నపిల్లని చేశాడు గదా, ఇప్పుడు ఎవరు చేస్తారో చూద్దామనుకున్నాను. అయితే ముందు గంగికి చెప్పాలి. ఆమె కాళ్ల గురించి ఆమె కంటే ముందు ఊరికి చెప్పడం తప్పు.

గంగి మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. నడుం వంగదు, మెడ తిరగదు, ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరగాలి. రామక్క పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఇంట్లో గంగి, కొడుకు, కోడలు శిల్ప, వాళ్ల కూతురు. కొడుకు సోలారు కాడ కాపలా పనికి పోతాడు. పాప నన్ను చూసి నవ్వింది. కొత్తగా వచ్చిన ముందు పళ్లు రెండూ సుద్దముక్కల్లా తెల్లగా, మధ్యలో గోధుమరంగు గీత. నాకు ప్రాణం ఉసూరుమంది. "గంగీ, పాప యా నీళ్లు తాగుతాది?" అన్నాను. "ట్యాంకు నీళ్లే. కోడలికి అవే రుచి. ఇంగ ఏ నీళ్లకూ బేళ్లు ఉడకవంటాది" అంది.

ఇక ఆగలేదు. "నీ కాళ్లు పోయింది ఆ నీళ్లకే గంగీ. ఆ పొద్దు నేను చెప్పిందే నిజం. మా నాయనకి తెల్సు" అన్నాను.

గంగి తొణకలేదు. "తెల్సుమ్మే" అంది.

"ఏం తెల్సు?"

"మేష్ట్రు చెప్పినాడు. పోయేకి కొన్నాళ్ల ముందు కట్టె పట్టుకోని వచ్చి, ఈ మంచం మీదే కూర్చున్యాడు. మీ అమ్మ రామక్కకి చెప్పలేకపోతి, నీకన్నా చెప్తా గంగీ అని ఏడ్సినాడు. పెద్దాయన, నా కాళ్లు పట్టుకునేకి వంగినాడు. నేనే వద్దు సామీ అంటి. ఎవురికీ చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయిచ్చుకున్యాడు. నేనెవురికీ చెప్పలా. నీకూ చెప్పేదాన్ని కాదు, నీకు తెల్సు కాబట్టి అంటాండా."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. తన పాపం దించుకోవడానికి ఆయనకు దొరికింది గంగి. చూడండి ఆ తెలివి. ఊరికి చెప్పడు, పంచాయితీకి చెప్పడు. లేచి నిలబడలేని మనిషి దగ్గరికి పోయి, ఏడ్చి, మనసు తేలిక చేసుకుని, ఆమె నోటికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుని పోయాడు. నాకు ఒంటి మీద ఏదో పాకినట్టయింది. గుమ్మం వైపు తిరిగాను. శిల్ప అక్కడ ఉంది, ట్యాంకు కాడి నుంచి తెచ్చిన బిందె చంకలో. ఎప్పుడొచ్చిందో, అంతా విన్నది.

"అత్తా, నీకు తెల్సునా?" అంది.

"పాపకి క్యాను నీళ్లు తాపియ్ అని నీకు చెప్తానే ఉండా గదమ్మా."

"యాలత్తా అంటే ఏం చెప్పినావు? ఊరికే అన్న్యావు. ముసలామెకి షోకు ఎక్కువైందని నేననుకున్న్యా. ఒక్క మాట చెప్పింటే ఏం పోయింటాది?"

"మాటిచ్చినా గదమ్మా" అంది గంగి. ఆ ముఖంలో తప్పు చేసినట్టేమీ లేదు. మాట నిలబెట్టుకున్న మనిషి ముఖం అది. నాకు దానిమీద కోపం రావాలి, రాలేదు. మా నాయన మీద ఉన్న రోతకే నాలో చోటు చాలడం లేదు. శిల్ప బిందె గుమ్మం బయట బోర్లించింది. పాపను చంకనేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బజారు వైపు పోయింది.

అప్పుడే స్పీకర్లో రామాంజి గొంతు, ముందు కన్నడంలో, తర్వాత తెలుగులో. మేష్ట్రు కూతురు ఎక్కడున్నా వేదిక కాడికి రావాలని. గంగి చెయ్యి చాపింది. "లేపమ్మే నన్ను. మేష్ట్రు పేరు పెడతాండారు, నేను లేకుంటే బాగుండదు" అంది. వద్దని నోటిదాకా వచ్చింది. కానీ లేపాను. రెండు చంకల కింద చేతులు వేసి, నిట్టనిలువుగా ఎత్తాలి, మోకాళ్లు వంగవు గనక. అడుగులో అడుగు వేసుకుంటూ బజార్లోకొచ్చాం. ఆగి ఆగి నడుస్తూ, మేష్ట్రు తనని ఎట్లా మొట్టేవాడో చెప్పి నవ్వుతోంది. నేను మైకులో ఏం మాట్లాడాలో మనసులో పేర్చుకుంటున్నాను.

బడి మలుపు దగ్గరికి వచ్చేసరికి స్పీకరు కీచుమంది. ఎవరో మైకు లాక్కున్నట్టు చప్పుడు. తర్వాత రామాంజి గొంతు కాదు, శిల్ప గొంతు. వణుకుతోంది గానీ గట్టిగానే ఉంది. "ఆ బోర్డు దించండప్పా ముందు. ఈ ట్యాంకు నీళ్లు విషమని మేష్ట్రుకి తెల్సంట. మా అత్తకి ఆయనే చెప్పినాడంట. ఈ పాప పండ్లు చూడండి. మీ ఇండ్లల్లో పిల్లోళ్ల నోర్లు తెరిచి చూసుకోండి" అంటోంది.

గంగి నా చెయ్యి వదిలేసింది. ఆనుకోవడానికి ఏమీ లేని చోట, ఒంటరిగా నిలబడింది.

"నువ్వు పోమ్మే" అంది. "నేనింగ మేష్ట్రుకి మొగం ఎట్ల చూపిచ్చేది?"